గనినీటిలో లోహములు - విద్యుత్తు చేయు మేలు

మైలుతుత్తము మన రైతులకు క్రొత్త వస్తువు కాదు. దానిని గాజుపాత్రలోని నీటిలో కరగించి, బాగుగా తోమిన ఇనుపమేకును అందులో ముంచినచో, కొంతసేపటికి మేకుపై ఎర్రని రాగిపూత ఏర్పడును. నీటిలో కానరాక కరగియున్న రాగి లోహరూపమున వెలికివచ్చినదన్నమాట. గనుల మలిననీటిని శుద్ధిచేయు విద్యుద్రసాయన పద్ధతులకు మూలసూత్రము ఇందులోనే ఉన్నది.

గనినీటిలోనికి లోహములు ఎట్లు చేరును? రాగి, సీసము, తుత్తునాగముల ఖనిజములు తరచుగా గంధకముతో కూడియుండును. వాటి సరసన ఇనుము, గంధకము కలిసిన మాక్షికమను రాయియు ఉండును. త్రవ్వి పైకి తీసినప్పుడు దానికి గాలియు నీరును సోకి గంధకికామ్లము పుట్టును. ఆ ఆమ్లము తక్కిన లోహములను కరగించి వాగులపాలు చేయును. స్పెయిన్ దేశపు రియో టింటో నది ఎర్రగా పారుట ఇందువలననే.

కర్నూలు, కడప సీమలకు ఈ విషయమున ప్రకృతి కొంత రక్షణ కల్పించినది. ఇచ్చట విస్తారముగా ఉన్న సున్నపురాయి, డోలమైటు ఆమ్లమును విరుచును. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం డోలమైటు రాతిలోనే ఉన్నది. ఆమ్లము పోసినచో అది ఆ రాతికే వ్యయమైపోవును. అందుచేత 2007లో శంకుస్థాపన జరిగిన అచ్చటి కర్మాగారమునకు సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో కూడిన క్షారపద్ధతిని ఎన్నుకొనిరి.

అయితే ఆమ్లము లేనంతమాత్రమున అపాయము లేదనరాదు. యురేనియం కార్బొనేటుతో జతకూడి క్షారజలములో సైతము కరగియుండగలదు. వ్యర్థముల చెరువు సమీపమందలి గ్రామస్థులు తమ బోరునీరు చెడినదని 2018లో ఫిర్యాదు చేసిరి. సంస్థ ఆ ఆరోపణను అంగీకరింపలేదు. త్రాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఇక విద్యుత్ పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిదానిలో మలిననీటియందు రెండు పలకలుంచి ఏకముఖ విద్యుత్తును పంపుదురు. రాగి వంటి లోహము ఋణధ్రువముపై పేరుకొనును. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు వృథాకాక పనిచేసినచో సుమారు 1.19 గ్రాముల రాగి చేతికి వచ్చును. లోహము మిక్కిలి పలుచగా ఉన్నచో విద్యుత్తులో అధికభాగము నీటినుండి ఉదజని పుట్టించుటకే ఖర్చగును.

అట్టి నీటికి రెండవ పద్ధతి అనుకూలము. ఇందులో ఇనుము లేక అల్యూమినియం పలకలే మెల్లగా కరగి, దూదివంటి మడ్డిగా మారి, లోహములను తమతో పట్టుకొని అడుగునకు చేరును. పలకలపై పొర కట్టినచో పని మందగించును గనుక వాటిని తరచు శుభ్రపరచవలెను. నీరు మిక్కిలి పుల్లనిదైనచో ముందు సున్నముతో ఆమ్లమును తగ్గింపవలెను.

ఏ పద్ధతియందైనను లోహము నశింపదు. నీటినుండి వేరొకచోటికి మారునంతే. ఆ మడ్డిని నేలలోనికి ఇంకకుండ భద్రపరచుట శుద్ధిలో సగము పని. గృహస్థులు గుర్తింపవలసిన సంగతి మరియొకటి కలదు. నీటిని కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని లోహములు తొలగవు; నీరు ఆవిరియైన కొలది వాటి పాలు హెచ్చును. అనుమానము కలిగిన బోరునీటిని ప్రయోగశాలలో పరీక్షింపజేయుటయే తగిన మార్గము. వానలు తక్కువై, భూగర్భజలమే ఆధారమైన మన సీమలో ఒక బోరు చెడినచో దానికి బదులు దొరకుట సులభము కాదు.