నీటియడుగున కెమేరా

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, మధ్యధరా సముద్రతీరమందు బాన్యూల్స్ అను చిన్న రేవు కలదు. 1893వ సంవత్సరమున లూయీ బూతాన్ అను జీవశాస్త్రజ్ఞుడు అచ్చట నీటిలోనికి దిగి ఛాయాచిత్రములు తీసెను. వెలుతురు చాలనందున ఒక చిత్రమునకై అరగంట వఱకు కెమేరాను కదలనీయక నిలుపవలసి వచ్చెను. కెమేరా నుంచు పెట్టెను అతని సోదరుడు ఒగూస్త్ రూపొందించెను. ఆ పెట్టెకు గాలితో నిండిన రబ్బరు తిత్తి యొకటి తగిలించిరి. లోతునకు పోయినకొలది నీరు తిత్తిని నొక్కును. అందలి గాలి పెట్టెలోనికి చేరి, లోపలి ఒత్తిడిని వెలుపలి ఒత్తిడికి సమానము చేయును. ఎంత చక్కని యుపాయము!

నేటి కెమేరాలు రెప్పపాటులో చిత్రమును గ్రహించును. కాని నీటి స్వభావము మాఱలేదు. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి అధికమగును. కావున 40 మీటర్ల లోతున కెమేరాపై పడునది ఉపరితలమున ఉన్నదానికి ఐదు రెట్లు. అందుచేత కొనదలచినవాడు కెమేరాను గూర్చి యెంత విచారించునో, దానిని కాపాడు పెట్టెను గూర్చియు నంత విచారింపవలెను. దీనిని హౌసింగు అందురు. ఒక నమూనాకు చేసినది తఱచుగా మఱియొక నమూనాకు సరిపడదు; కెమేరా పాతబడినచో దానితోబాటు హౌసింగును మూలబడును. దీని వెల కెమేరా వెలను మించుటయు కలదు.

హౌసింగు మూతకడ నుండు రబ్బరు వలయమే దాని ప్రాణము. దానిపై ఒక్క తలవెండ్రుక గాని, ఇసుకరేణువు గాని చిక్కుకొనెనా, ఉప్పునీరు లోనికి చొచ్చి యంత్రమును పాడుచేయును. తెలిసినవారు మొదట కెమేరా లేకయే హౌసింగును నీట ముంచి పరీక్షింతురు. ఈపాటి ఓపిక లేనివాడు ఎంత వెలగల కెమేరా కొన్నను ఫలము లేదు.

ఇక కటకములు. దూరమందలి పక్షులను దగ్గఱగా చూపు కటకము నీటిలో పనికిరాదు. నీరు ఎఱుపురంగును మొదట మ్రింగివేయును. నీటిలో తేలు నలుసులు చిత్రమును మసకబాఱజేయును. కనుక వస్తువునకు మిక్కిలి చేరువగా పోవుటయే మార్గము. పెద్ద చేపను చేరువనుండి పూర్తిగా పట్టుటకు విశాలకోణ కటకము కావలెను. అయితే కాంతి నీటినుండి గాలిలోనికి వచ్చునపుడు వంగుటచే, చదునైన గాజుగుండ చూచిన వస్తువు నాలుగింట మూడువంతుల దూరముననే యున్నట్లును, మూడవవంతు పెద్దదిగాను తోచును; కటకపు విశాలత తగ్గును. ఇందులకై హౌసింగు ముందు గోపురమువంటి గాజును బిగింతురు. అంగుళమైన లేని జీవులకు మాత్రము మాక్రో కటకమును, చదునైన గాజును మేలు. పెద్దదిగా తోచుట అచ్చట లాభమే గదా!

పోయిన రంగులను తిరిగి తెచ్చునది దీపము. బూతాన్ పీపాపై సారాయిదీపము నమర్చి, దాని మంటమీదికి మెగ్నీషియము పొడిని రబ్బరు బుడ్డితో ఊదించెను. ఇప్పటి ఫ్లాష్ దీపము చేతిలో ఇముడును. దానిని కటకము ప్రక్కనే ఉంచినచో, ఎండపొడలో ఎగురు దుమ్మువలె నలుసులన్నియు మెఱసి చిత్రమును చెఱచును. కావున పొడవైన చేతులవంటి కడ్డీలకు దీపములను బిగించి, ఇరుప్రక్కల దూరముగా నిలిపి వెలిగింతురు.