నీట నిలిచిన దీపస్తంభము

భారతదేశమునకు దక్షిణపు కొన యేది యని అడిగినచో మనలో పెక్కుమంది కన్యాకుమారి యని చెప్పుదురు. ప్రధాన భూభాగమునకు అది నిజమే. కాని మన దేశపు చిట్టచివరి నేల అంతకంటె దక్షిణమున, సముద్రము నడుమ కలదు. నికోబారు ద్వీపములలో కెల్ల పెద్దదగు గ్రేట్ నికోబారు యొక్క దక్షిణాగ్రమే అది. పూర్వము పిగ్మేలియన్ పాయింట్ అని పిలువబడిన ఈ చోటికి 1985లో ఇందిరా పాయింట్ అని పేరు పెట్టిరి. ఇచ్చట 1972 ఏప్రిల్ 30వ తేదీన ఒక దీపస్తంభము వెలిగింపబడినది. మన తీర గ్రామములవారు లైట్‌హౌస్ అని పిలుచునది ఇట్టిదే.

ఇంత మారుమూల దీపమెందులకు? ఇచ్చటి నుండి సుమత్రా కొనయందలి ఇండోనేషియా దీవులు దాదాపు 160 కిలోమీటర్ల దూరమున కలవు. ఈ రెంటి నడుమ నున్న జలమార్గము ప్రపంచ వర్తకమునకు రాజమార్గము వంటిది. పడమటి దేశముల నుండి సింగపూరు, చైనా, జపాను దేశములకు పోవు ఓడలు శ్రీలంకను దాటిన పిదప ఈ దారినే మలక్కా జలసంధిని చేరును. అంత దూరము నీటినే చూచుచు వచ్చిన నావికునకు తానెచ్చట నున్నదియు తెలియజేయు గుర్తు ఈ దీపము.

దీపస్తంభపు దీపము కేవలము పెద్ద దీపము కాదు. మామూలు దీపపు వెలుగు నలుదిక్కులకు చెదరిపోవును. ఆ వెలుగును ఒకచోట కూర్చి సముద్రము వైపు పంపుటకు గాజు పట్టకములను వలయములుగా అమర్చెదరు. ఈ పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ 1820 ప్రాంతమున కనిపెట్టెను. ప్రతి దీపమునకు తనదైన మెరుపు వరుస కలదు. ఎన్ని సెకండ్ల కొకసారి, ఎన్ని మెరుపులు వచ్చునో లెక్కించి, పుస్తకములో చూచుకొని, నావికుడు అది ఏ దీపమో గుర్తించును. పగటివేళ స్తంభపు రంగులే గుర్తు. ఇందిరా పాయింట్ స్తంభము 35 మీటర్ల ఎత్తు గల ఇనుప కట్టడము. దానిపై ఎరుపు, తెలుపు పట్టీలు కలవు.

దీపము ఎంత ప్రకాశవంతమైనను ఎత్తుగా లేనిచో ప్రయోజనము లేదు. భూమి గుండ్రముగా నుండుటచే, నీటిమట్టమునకు 36 మీటర్ల ఎత్తున నున్న దీపము నీటిమట్టమున నున్న కంటికి సుమారు 21 కిలోమీటర్ల వరకే కనబడును. ఓడపై ఎత్తున నిలిచిన వానికి మరికొంత దూరము కనబడును.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము 6 గంటల 28 నిమిషములకు సుమత్రా సమీపమున మహా భూకంపము సంభవించెను. కొలది నిమిషములలో సునామీ కెరటములు గ్రేట్ నికోబారును ముంచెత్తెను. దీపస్తంభపు ఉద్యోగులును, వారి కుటుంబములవారును, అచ్చట నున్న ఇతరులును పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. స్తంభము మాత్రము నిలిచినది. కాని అది నిలిచియున్న నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగిపోయెను. నాడు ఒడ్డున నున్న స్తంభపు పాదము నేడు నీట నున్నది.

నేల యేల క్రుంగెను? అచ్చట భూమి పైపొరలోని ఒక పలక మరియొక పలక క్రిందికి ఏటేట కొన్ని సెంటీమీటర్లు చొచ్చుకొని పోవుచున్నది. పై పలక అంచు దానితో చిక్కుకొని క్రిందికి లాగబడును. దాని వెనుక భాగము ఉబ్బి పైకి లేచును. వంచిన వెదురుబద్దను వదలినట్లు, ఒకనాడు ఆ చిక్కు విడిపోవును. అంచు పైకి ఎగయును, ఉబ్బిన భాగము క్రిందికి దిగును. ఎగసిన అంచు సముద్రజలమును కదల్చుటచే సునామీ పుట్టెను. దిగిన భాగముపై ఇందిరా పాయింట్ కలదు. ఉత్తర అండమాను పడమటి తీరమున మాత్రము నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయల్పడినవి.

నేల నాలుగు మీటర్లు దిగినచో దీపము కనబడు దూరము కిలోమీటరునకు కొంచెము పైగా తగ్గును. అయినను దీపస్తంభమును బాగుచేసి మరల వెలిగించిరి. ఉపగ్రహముల సాయముతో ఓడలు దారి తెలిసికొను ఈ కాలమునను, యంత్రము చెడిన రాత్రి నావికుడు నమ్ముకొనునది కంటికి కనబడు దీపమునే.

ఆనాటి కెరటములు రెండున్నర గంటల పిదప మన తీరమును తాకినవి. ఆ వ్యవధిలో హెచ్చరిక యేదియు రాలేదు. మన కోస్తా జిల్లాలలో నూరుమందికి పైగా మరణించిరి. ఈ లోపము తీర్చుటకు 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరికల కేంద్రము నెలకొల్పబడినది. భూకంపము కలిగిన కొలది నిమిషములలోనే అది హెచ్చరికను పంపగలదు. కాని హెచ్చరిక ఒడ్డునకు చేరిన పిదప మిగిలిన పని ప్రజలదే.

తీరవాసులు ఈ సంగతులు గుర్తుంచుకొనవలెను. హెచ్చరిక వినిన వెంటనే మెరక ప్రదేశమునకు పోవలెను. భూమి గట్టిగా, చాలసేపు కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినను, హెచ్చరిక కొఱకు వేచియుండరాదు. వెనుకకు పోయిన నీటిలో చేపలు ఏరుటకు దిగరాదు. మొదటి కెరటమే చివరిది కాదు. తరువాతివి అంతకంటె పెద్దవి కావచ్చును. కనుక అధికారులు చెప్పువరకు ఇండ్లకు మరలరాదు. లోతు సముద్రమున నున్న పడవలు ఒడ్డునకు రాక అచ్చటనే యుండుట క్షేమము.

దీపము దారి చూపును. దారి నడువవలసినది నావికుడే. హెచ్చరికయు అట్టిదే.