పాత కారు గలగల

మా కారు 1,80,000 మైళ్లు దాటింది. అబ్బాయి కాలేజీ ఫీజులు నెత్తిమీద ఉండగా కొత్త కారు మాట ఎత్తలేం. జనవరిలో, డెట్రాయిట్ చలిలో, ఒక ఉదయం డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోగింది. ఒక గ్యారేజీలో చూపిస్తే, ఇంజను మార్చాల్సిందేనన్నారు. మా గుండెల్లో రాయి పడింది.

సరే, చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తోందో కాగితం మీద రాసుకున్నాం. పొద్దున్నే స్టార్టు చేయగానే మోగి రెండు సెకన్లలో ఆగితే, రాత్రి కిందికి దిగిన ఆయిలు మళ్లీ పైకి చేరేదాకా వచ్చే చప్పుడు కావచ్చు. రోజురోజుకూ ఎక్కువసేపు మోగుతుంటే టైమింగు చెయిన్ చూపించాలి. లోతుగా ఠకఠకమంటూ ఆయిలు దీపం కూడా వెలిగిందా, అక్కడే ఆపి టో ట్రక్కును పిలవండి. ఇంటిదాకా లాగిద్దామనుకుంటే ఇంజనుకు నీళ్లొదులుకోవలసిందే.

మాది ఇవేవీ కాదు. ఇంజను ఒక్క వేగం దగ్గరే మోగేది, యాక్సిలరేటరు కాస్త తొక్కితే మాయం! బండి బాగా చల్లారాక పొగగొట్టం వెంట పిడికిలితో తట్టుకుంటూ పోతే హీట్ షీల్డు దొరికింది. వేడి తగలకుండా కప్పే పల్చటి రేకది. రోడ్లమీద చల్లే ఉప్పుకు తుప్పుపట్టి బోల్టు ఊడింది. పెద్ద హోస్ క్లాంపు చుట్టి బిగించాం. మూడు డాలర్లు కూడా కాలేదు.

ఆ హడావిడిలోనే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు కింది గీత దగ్గరుంది, అంటే సుమారు ఒక క్వార్టు తక్కువ. సిగ్గేసింది. పాత ఇంజను ఆయిలు తాగుతుందని తెలిసీ చూడలేదు. ఇప్పుడు గ్యాస్ పోయించినప్పుడల్లా చూస్తున్నాం. ట్రంకులో ఒక క్వార్టు డబ్బా ఎప్పుడూ ఉంటోంది, దాన్ని పచ్చడి సీసాల పక్కన పెట్టొద్దని మా ఇంట్లో గొడవ ఇంకా తెగలేదు.