ప్రతి వీధికీ రెండు పేర్లు

పాతపేటలో గోడల మీది పలకలు చూస్తే వీధికి రెండేసి పేర్లు కనిపిస్తాయి. ఒకటి ‘కాల్యే’ అని మొదలవుతుంది, రెండోది ‘రువా’ అని. రెండింటికీ అర్థం వీధే. మొదటిది స్పానిష్, రెండోది పోర్చుగీసు. ఊరి పేరుదీ అదే తంతు. స్పెయిన్ కాయితాల్లో ఒలివెన్థా. పడమటికి పోయి గ్వాదియానా నది దాటి అడిగితే ఒలివెన్సా.

స్పెయిన్ పోర్చుగల్‌ను వలసలతో సహా మింగేసి ఉంటే ఏమయ్యేది? చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు ఇష్టంగా చర్చించుకునే ప్రశ్న ఇది. బ్రెజిల్లో స్పానిష్ మాట, గోవా కోట మీద స్పానిష్ జెండా. ఊహకు అడ్డేముంది! నాకు మాత్రం ఆ ఊహలకన్నా ఈ ఊరే నయమనిపిస్తుంది. ఆ ‘ఉంటే’ ఇక్కడ నిజంగానే జరిగింది, ఓ పన్నెండు వేల జనాభా మేరకు.

బదహోస్ నగరానికి దక్షిణాన పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది ఒలివెన్సా. 1297లో కుదిరిన అల్కానిసెస్ ఒప్పందంతో పోర్చుగల్ చేతికొచ్చి, అయిదు శతాబ్దాలు అక్కడే ఉంది. రాజు రెండో జువావ్ 15వ శతాబ్దం చివర్లో కట్టించిన కోట బురుజు ఇప్పటికీ ఊరందరి తలల మీదా నిలబడి ఉంది. లోపల మెట్లుండవు. గోడ వెంబడి చుట్లు తిరుగుతూ ఏటవాలు దారి పైకి పోతుంది.

బురుజుకు దగ్గర్లోనే మగ్దలేనా చర్చి. లోపలికి వెళ్తే స్తంభాలు ఓడ తాళ్లను పేనినట్టు మెలికలు తిరిగి పైకప్పును అందుకుంటాయి. సముద్రం మీద సంపాదించిన రాజ్యం తన గొప్పను ఇలా రాతిలో చెక్కించుకుంది. ఈ చర్చిలోనే హెన్రీక్ ద కొయింబ్రా అనే సన్యాసి సమాధి ఉంది. పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకల్లో వెళ్లి 1500 ఏప్రిల్లో బ్రెజిల్ గడ్డ మీద తొలి ప్రార్థన జరిపించింది ఈయనే. అదే నౌకల్లో కాలికట్ చేరి, అక్కడ జరిగిన కొట్లాటలో ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత ఆఫ్రికా ఒడ్డున అప్పటి పోర్చుగీసు ఊరైన సెవుతాకు బిషప్పై ఈ ఊళ్లో కాపురముండి, 1532లో కన్నుమూశాడు. బ్రెజిల్‌నూ కేరళనూ చూసొచ్చిన పోర్చుగీసువాడు ఇవాళ స్పెయిన్ నేలలో పడుకున్నాడు. ఆయన కదల్లేదు, దేశమే మారింది.

స్పెయిన్ ఒకసారి మొత్తం పోర్చుగల్‌నే పట్టింది, ఆ సంగతీ చెప్పాలి. 1578లో పోర్చుగల్ రాజు సెబాస్తియావ్ మొరాకో యుద్ధంలో వారసుడు లేకుండా పోయాడు. రెండేళ్లకు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ సైన్యం లిస్బన్‌లో దిగింది. కానీ గెలిచాక ఫిలిప్ తెలివిగా తగ్గాడు. 1581లో తొమార్‌లో కొలువుదీరి, మీ చట్టాలు మీవే, మీ కొలువులు మీవే, మీ వలసలూ మీవేనని ప్రమాణం చేశాడు. రాజు ఒక్కడు, రాజ్యాలు రెండు. అందుకే అరవై ఏళ్లు పాలించినా భాష చెక్కుచెదరలేదు.

పోర్చుగీసువాళ్లకు దెబ్బ తగిలింది మరోచోట. స్పెయిన్ శత్రువులంతా వాళ్లకూ శత్రువులయ్యారు. ఫిలిప్ లిస్బన్ రేవును డచ్చివారికి మూసేస్తే, మిరియాల కోసం వాళ్లు తామే తూర్పుకు ఓడలు కట్టారు. 1605-06 నాటికి బట్టల బేరానికి మన మచిలీపట్నంలో దిగారు. బందరులో ఇప్పటికీ ఉన్న డచ్చి సమాధుల కథలో, దూరంగానైనా, ఈ ఫిలిప్ చెయ్యి ఉంది. 1640లో లిస్బన్ తిరగబడి స్పెయిన్‌ను వదిలించుకుంది. సెవుతా మాత్రం స్పెయిన్‌తోనే ఉండిపోయింది, లిస్బన్ జెండా పోలికను తన జెండాలో దాచుకుని.

ఒలివెన్సా వంతు 1801లో వచ్చింది. ఇంగ్లిషు ఓడలకు రేవులు మూయాలని నెపోలియన్ ఒత్తిడి, పోర్చుగల్ కాదంది. బదహోస్‌లో పుట్టిన గొదోయ్ స్పెయిన్ సైన్యాన్ని నడిపించాడు. ఎల్వాస్ కోట దగ్గర నారింజ కొమ్మలు తుంచి రాణికి పంపాడు. దాంతో దానికి నారింజల యుద్ధమని పేరు. చూడ్డానికి వేళాకోళంలా ఉన్న ఆ యుద్ధం జూన్ 6న ఒప్పందంతో ముగిసింది. మిగతా ఊళ్లు తిరిగి ఇచ్చేశారు, ఒలివెన్సా ఇవ్వలేదు. దాన్ని తిరిగి ఇప్పించే ప్రయత్నం చేస్తామని 1815లో వియన్నాలో పెద్ద రాజ్యాలు రాశాయి. 1817లో స్పెయిన్ కూడా సంతకం పెట్టింది. పెట్టి ఊరుకుంది.

ఈసారి తొమార్ ప్రమాణాల్లాంటివేమీ లేవు. 1840లో పోర్చుగీసు వాడకాన్ని నిషేధించారు, చర్చిలో కూడా. బడి మారింది, దస్తావేజులు మారాయి. తాతలు మాట్లాడింది మనవలకు అర్థమయ్యేది, మునిమనవలకు అదీ లేదు. ఇప్పుడు కొందరు ముసలివాళ్ల నోట మాత్రమే ఆ భాష మిగిలింది. పిల్లలు దాన్ని బడిలో పాఠంగా నేర్చుకుంటున్నారు, పరాయి భాషలాగా. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవాళ్లు యుద్ధాలకే పేజీలన్నీ ఖర్చుపెడతారు. అసలు పని హాజరుపట్టీలోనే జరిగిపోతుంది.

పోర్చుగీసు పోతే మనకేమిటంటారా? అనాస పండుకు ఆ పేరు వాళ్లిచ్చిందే. స్పెయిన్లో దాన్ని ‘పిన్యా’ అంటారు. మన వేలం పాటలోని ‘వేలం’ కూడా వాళ్ల ‘లెయిలావ్’ నుంచి వచ్చిందే. స్పానిష్‌లో ఆ మాట ‘సుబాస్తా’. ఫిలిప్ గట్టిగా పట్టుంటే మనం చెరువుల చేపలకు సుబాస్తా పాడుకునేవాళ్లమేమో!

ఊళ్లో చూడాల్సింది ఇంకొకటుంది, మిసెరికోర్దియా గుడి. గోడల నిండా నీలం తెలుపు పింగాణీ పలకలు, 1723 నాటివి. బట్టలేనివారికి బట్ట ఇవ్వాలన్న నీతికి బొమ్మగా, దేవుడే ఆదాము హవ్వలకు బట్టలు అందిస్తూ కనిపిస్తాడు. అది చూసి బయటికొచ్చాక తేకులా మేకులా తినాలి. పేరు పిల్లల ఆటలా ఉన్నా అది బాదం, గుడ్డు సొన, పంచదారతో చేసే మిఠాయి. ఒక ముక్క చాలు, రెండోది మొహం మొత్తుతుంది.

పోర్చుగల్ ఇప్పటికీ ఈ ఊరు స్పెయిన్‌దని ఒప్పుకోలేదు. ఈ మేర సరిహద్దు రాళ్లు పాతలేదు. ఆ పట్టుదల వల్లే ఊరివాళ్లు వందలమంది ఈ మధ్య పోర్చుగీసు పౌరసత్వం కూడా తీసుకున్నారు, స్పానిష్‌ది వదులుకోకుండానే.

నది మీద అజూడా వంతెన 1709 యుద్ధంలో కూలి, ఇప్పటికీ సగం తెగి నిలబడి ఉంది. పక్కన 2000లో కొత్త వంతెన వచ్చింది. ఖర్చంతా పోర్చుగలే పెట్టుకుంది. రెండు ఒడ్లూ తమవేనన్నప్పుడు వాటా ఎవర్ని అడుగుతారు?