సంతానం కోసం దవాఖానకు పోయేముందు అప్పు లెక్క జూసుకోవాలె

మొన్న ఆలంపూర్ చౌరస్తల బస్సు కోసం నిలబడితే మా చిన్నమ్మ బిడ్డ కలిసింది. పెండ్లయి ఆరేండ్లయింది. చేతిల ప్లాస్టిక్ కవరు, అండ్ల రిపోర్టులు. "అక్కా, కర్నూల్ పోయొస్తున్నం. ఐవీఎఫ్ జెయ్యాల్నంట. రెండు లక్షలకు పైనే అయితదంటున్నరు. సీడ్ ఆర్గనైజర్‌ను అడిగితే ఇస్తనన్నడు. తీసుకుందుమా?" అన్నది. బస్సు రానికి పది నిమిషాలే ఉండె. పది నిమిషాలల్ల ఒడిసే ముచ్చట కాదది. అందుకే ఇది రాస్తున్న. ఆమె ఒక్కదాని కోసం కాదు, గసొంటి కవరు పట్టుకొని తిరిగేటోళ్లందరి కోసం.

నేను మహిళా సంఘం పుస్తకాలు రాస్త. ఎవల ఇంట్ల ఏ అప్పు ఎందుకు పుట్టిందో నాకు ఎరుకే. మా ఇంట్ల కూడా ఇదే అప్పు పుట్టింది. ఎనిమిదేండ్ల కింద మేము కూడా ఐవీఎఫ్‌కు పోయినం. దవాఖానోళ్లు మొదలు చెప్పిన ప్యాకేజి లక్షా అరవై వేలు. అంతా అయినంక లెక్కేస్తే రెండు లక్షల నలభై వేలు. పత్తి విత్తనాల పంట మీద ఆర్గనైజర్ దగ్గర లక్షన్నర, నూటికి రెండు రూపాయల వడ్డీ. బంగారం సేటు దగ్గర కుదువ పెట్టి తొంభై వేలు, నూటికి మూడు రూపాయలు. గర్భం నిలువలే.

ఇప్పుడు వడ్డీ లెక్క జూడుండ్రి. లక్షన్నరకు నెలకు 3,000. తొంభై వేలకు నెలకు 2,700. రెండూ కలిపి ఏడాదికి 68,400. మూడేండ్లకు వడ్డీయే రెండు లక్షలు దాటింది. అదే బంగారం బ్యాంకుల పెట్టి ఏడాదికి నూటికి పది రూపాయల లెక్కన తెచ్చుకుంటే, సేటుకు కట్టిన 32,400 జాగల 9,000 కడుతుంటిమి. ఆ తొందరల గీ చిన్న లెక్క మాకు తట్టలే. దవాఖాన వాళ్లు "ఈ నెల తప్పితే మళ్ల వయసు అయిపోతది" అంటే ఉరికినం.

ముందు ఇద్దరికీ పరీక్షలు

ఏడాది పాటు ఏ అడ్డం లేకుండ కాపురం జేసినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటరు. ఇది అరుదైన రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిల ఒకరికి జీవితంల ఎప్పుడో ఒకసారి ఈ ఇబ్బంది వస్తది. లోపం ఆడమనిషిదే అనుకునుడు మన దిక్కు అలవాటు. కానీ మగమనిషిల లోపం ఉండుడు చాలా మామూలు. వీర్య పరీక్ష అన్నిట్ల చౌకది, సులువైనది. ఆడమనిషికి స్కానింగులు, ట్యూబ్ టెస్టు, లాప్రోస్కోపీ అన్నీ అయినంక ఆఖరుకు మగమనిషిని పిలుస్తరు. అట్ల చేస్తే పైసలు దండుగ, ఆమెకు నొప్పి దండుగ. మా ఇంట్ల అదే అయింది.

అందరికీ ఐవీఎఫ్ అవసరం ఉండదు. థైరాయిడ్‌కు, నెలసరి తప్పుడుకు మందులతోనే గుణమొచ్చేటోళ్లు ఉన్నరు. కొందరికి ఐయూఐ సరిపోతది, అది వేలల్ల అయ్యే పని, లక్షలల్ల కాదు. మన దేశంల ట్యూబులు మూసుకపోనికి గర్భసంచి టీబీ కూడా ఒక కారణం. టీబీ మందులు సర్కారు దవాఖానల ఉచితం. గడ్డలు, తిత్తులు ఉంటే ఆపరేషన్ ఆరోగ్యశ్రీల అయితదేమో ఆరోగ్యమిత్రను అడుగుండ్రి. మనం ఏరు దాటితే ఆంధ్ర. కార్డు ఈ దిక్కుది, దవాఖాన ఆ దిక్కుది. కర్నూల్ల మన కార్డు నడుస్తదా లేదా అని చేరకముందే అడుక్కోవాలె.

ప్యాకేజి అంటే ఏమున్నట్టు?

ఒక్కసారి చేసే ఐవీఎఫ్‌ను సైకిల్ అంటరు. ప్రైవేటుల ఒక్క సైకిల్‌కు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే అయితది. ప్యాకేజిల లేనియి ఏంటియో అడుగుడు ముఖ్యం. అండాలు పెరగనికి ఇచ్చే ఇంజెక్షన్లు అందరికీ ఒక్క తీరు పట్టవు, వయసును బట్టి, ఒంటిని బట్టి డోసు పెరుగుతది. మా బిల్లు అక్కడనే పెరిగింది. ఇంక ఇక్సీ అనే పద్ధతికి వేరే పైసలు. పిండాలను ఫ్రీజ్ చేసి పెడితే ఏటా కిరాయి. తర్వాత వాటిని గర్భసంచిల పెట్టనికి మళ్ల వేరే. దినాం స్కానింగుకు పోవాల్నంటే హైదరాబాదుల రూము కిరాయి, తిండి, ఛార్జీలు. పనికి పోని రోజుల కూలి కూడా ఖర్చే.

దేశంల ఐవీఎఫ్‌కు ఒక చట్టం ఉన్నది. 2021ల చేసిండ్రు, 2022 జనవరి 25 నుంచి అమల్లకొచ్చింది. దాని ప్రకారం ఖర్చు ఎంత, ఆ క్లినిక్‌ల ఫలితం వచ్చే అవకాశం ఎంత, దుష్ప్రభావాలేంటివి, దత్తత తీసుకునే దారి కూడా ఉన్నదని క్లినిక్ వాళ్లే చెప్పాలె. క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలె. ఫిర్యాదుల విభాగం ఉండాలె. ఆడవాళ్లకు 21 నుంచి 50 ఏండ్లు, మగవాళ్లకు 21 నుంచి 55 ఏండ్లు అని వయసు హద్దు కూడా పెట్టిండ్రు. కాబట్టి "ఖర్చు మొత్తం కాయితం మీద రాసియ్యుండ్రి" అని అడుగుడు బతిమాలుడు కాదు, మన హక్కు. ఇంకొక మాట. ఐవీఎఫ్ చికిత్స మీద జీఎస్టీ లేదని కేంద్రం 2022 ఆగస్టుల స్పష్టం జేసింది. బిల్లుల చికిత్స ఫీజు మీద జీఎస్టీ వేస్తే ఎందుకని అడుగుండ్రి.

కాకపోతే ఎట్ల అనే లెక్క

ఇది ఎవ్వరూ చెప్పరు. బోర్డుల మీద నవ్వే పిల్లల ఫొటోలే ఉంటయి. వయసు తక్కువున్నోళ్లకు కూడా ఒక సైకిల్‌ల బిడ్డ పుట్టే అవకాశం సుమారు మూడింట ఒక వంతు అనుకోవచ్చు. నలభై దాటితే బాగ పడిపోతది. తేలిక కోసం మూడింట ఒక వంతే అనుకుందం. 27 జంటలు పోతే మొదటిసారి 9 జంటలకు అయితది, 18 మంది మిగుల్తరు. రెండోసారి అండ్ల 6 జంటలకు అయితది, 12 మంది మిగుల్తరు. మూడోసారి 4 జంటలకు అయితది. మూడు సైకిళ్లకు పైసలు పెట్టినంక కూడా 8 జంటలు ఉత్త చేతులతోని ఇంటికొస్తయి.

అందుకే అప్పు తీసుకునేటప్పుడు "అయితది" అని కాదు, "కాకపోయినా ఈ అప్పు తీర్చగలమా?" అని అడుక్కోవాలె. బిడ్డ పుట్టినా ప్రసూతి ఖర్చు, కవలలైతే ఇంకింత ఖర్చు ఉంటయి. కాకపోతే అప్పు ఒక్కటే మిగుల్తది.

పైసలు యాడికెల్లి?

సర్కారు దారి మొదలు జూడుండ్రి. సికింద్రాబాద్ గాంధీ దవాఖానల 2023 అక్టోబర్‌ల ఐవీఎఫ్ సెంటర్‌ను ప్రారంభించిండ్రు. పోయేముందు అక్కడ ఇప్పుడు ఏ చికిత్స నడుస్తున్నది, ఎన్ని రోజులు ఆగాలె అని కనుక్కోండ్రి. వయసు ఇంక చేతిల ఉన్నోళ్లకు కొన్ని నెలలు ఆగినా అప్పు కంటే మేలే.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. ఆయుష్మాన్ భారత్‌ల సంతానలేమి చికిత్సలు లేవు. మామూలు ఆరోగ్య బీమాలల్ల కూడా సంతానలేమిని మినహాయింపుల జాబితాల పెడ్తరు. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే గ్రూపు బీమాల ఉంటది. ఇంట్ల ఎవరన్న హైదరాబాదుల, బెంగుళూరుల కొలువు చేస్తే ఆ కాయితం తీసి సదువుండ్రి. కేంద్ర సర్కారు ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ కింద హద్దుకు లోబడి పైసలు తిరిగొస్తయి.

ఇంట్ల బంగారం ఉంటే సేటు దగ్గరికి కాదు, బ్యాంకుకు పోండ్రి. సంఘం ద్వారా బ్యాంకు లింకేజి, స్త్రీనిధి అప్పులు వడ్డీ తక్కువయి. కానీ పుస్తకాలు రాసేదాన్నిగ ఒకటి చెప్త. సంఘం అప్పు నీ ఒక్కదానిది కాదు. నువ్వు కట్టకపోతే మిగిలినోళ్లకు అప్పు ఆగుతది. నెలకు ఎంత కట్టగలవో అంతే తీసుకో. చిట్టి వేస్తే రిజిస్టర్ అయిన చిట్టే వెయ్యి. తొందరపడి పాట ఎక్కువ పాడితే చేతికొచ్చేది తక్కువైతది, అది కూడా వడ్డీ లెక్కనే.

క్లినిక్‌లనే "వడ్డీ లేని ఈఎంఐ" అని ఇప్పిస్తరు. వడ్డీ లేకుండ ఎవరిస్తరు? ప్రాసెసింగ్ ఫీజులనో, తగ్గించాల్సిన ధర తగ్గించకపోవుడులనో అది దాగుంటది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇసొంటి అప్పులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అన్ని ఖర్చులు కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతదో ఒక కాయితం మీద, మనకు అర్థమయ్యే భాషల రాసియ్యాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ కాయితం జూడకుండ సంతకం పెట్టద్దు. ఇంకొకటి, నగదు కడితే ఎంత తగ్గుతది అని అడుగు. ఆ తేడానే వాళ్ల వడ్డీ.

ఆర్గనైజర్ అప్పు ఆఖరుది. మన నడిగడ్డల విత్తన పత్తి రైతులకు ఆయన ఇచ్చే అప్పు చేతికి దగ్గరుంటది, అర్ధరాత్రి అడిగినా ఇస్తడు. కానీ పంట ఆయనకే పోవాలె. విత్తనాల నాణ్యత పరీక్ష ఫలితం వచ్చేదాంక పైసలు రావు. ఫెయిల్ అంటే అప్పు అట్లనే ఉంటది, వడ్డీ నడుస్తనే ఉంటది. ఇంక భూమి అమ్ముడు అనే మాట నోట్లకు రానియ్యద్దు.

గ్యారంటీ అన్నోని దగ్గర ఆగద్దు

"మా దగ్గర వంద శాతం" అనేటోళ్లకు దూరముండాలె. 2025 జులైల సికింద్రాబాద్‌ల ఒక ఫర్టిలిటీ సెంటర్ కేసు అందరికీ ఎరుకే. సరోగసీ పేరు మీద లక్షలకు లక్షలు తీసుకున్నరని, డీఎన్ఏ పరీక్షల బిడ్డ ఆ జంటది కాదని తేలిందని పోలీసులు అరెస్టులు జేసిండ్రు. పైసలిచ్చి చేయించుకునే సరోగసీ ఇప్పుడు నేరం. అండాలు అమ్ముడు కూడా నేరమే. ఒక ఆడమనిషి జీవితంల ఒక్కసారే అండాలు దానం చెయ్యాలని చట్టం. అప్పు తీర్చనికి ఆ దారి చూపెట్టే దళారులు ఉన్నరు, జాగ్రత్త.

ఎక్కడ ఆగాలె?

మూడేండ్లకు మేము రెండోసారి పోయినం. ఈసారి ముందే కూసొని కాయితం మీద రాసుకున్నం: ఇదొక్కటే సారి, భూమి ముట్టద్దు, నెలకు ఐదు వేల కంటే ఎక్కువ కిస్తు వద్దు. సంఘం అప్పు కొంత, బ్యాంకుల బంగారం కొంత. అది కూడా కాలేదు. ఏడుపొచ్చింది. కానీ అప్పు రెండేండ్లల్ల తీరింది, చేను చేనుగనే ఉన్నది. మొదటిసారి తర్వాత మేమిద్దరం ఏడాది పాటు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోతిమి, ఎప్పుడు మాట్లాడినా వడ్డీ మీద కొట్లాటే. రెండోసారి అట్ల కాలే. ఇప్పుడు దత్తత కోసం పేరు రాయించినం, ఎదురుజూస్తున్నం.

మా ఊరి మ్యూజియంల లజ్జాగౌరి శిల్పం ఉన్నది. తల జాగల తామరపువ్వు. సంతానం కోసం మొక్కుకునే ఊరు మాది, చాళుక్యుల కాలం నాటి గుళ్ల ఊరు. జోగులాంబకు మొక్కుకోవుడు తప్పు కాదు, మొక్కుకు వడ్డీ లేదు. కానీ దవాఖాన ఖర్చుకు మొక్కులు సరిపోవు. గోవాల సర్కారు మెడికల్ కాలేజిల ఐవీఎఫ్ ఉచితంగ మొదలుపెట్టిండ్రు. తెలంగాణల ఎందుకు కాదు? కనీసం ఒక్క సైకిల్ అన్న ఆరోగ్యశ్రీల పెట్టాలె. పరీక్షలు, ఐయూఐ పాలమూరు సర్కారు దవాఖానలనే దొరకాలె. ఆలంపూర్ నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఛార్జీలకే సగం బతుకు పోతది.

మా చిన్నమ్మ బిడ్డకు నేను చెప్పేది ఇదే. ముందు మొగుణ్ణి పరీక్షకు తోలుకపో. ఖర్చు కాయితం మీద రాయించుకో. గాంధీల అడుగు. బంగారం బ్యాంకుల పెట్టు. ఎన్నిసార్లు పోతరో, ఎంత దాకా పెడ్తరో ఇద్దరూ కూసొని మొదలే రాసుకోండ్రి. ఆర్గనైజర్ ఇస్తనన్నడని మాత్రం పోకు బిడ్డా. ఆదివారం ఆ కవరు పట్టుకొని మా ఇంటికి రా, కలిసి లెక్కేద్దం.