మార్త వంటగదిలో అరగంట

మొన్న బుధవారం మా ఇంట్లో గృహకూడిక జరిగింది. పదిమంది అతిథులు వచ్చారు. బిరియాని, కోడికూర అయ్యేసరికి ముగింపు ప్రార్థన కూడా అయిపోయింది. వంటగదిలోనే ఉండిపోయిన మా అమ్మ ఒక్క మాటా వినలేదు. బేతనియలో మార్త పడిన తొందర (లూకా 10:38-42) మా ఇంటిదీ అని అప్పుడు గ్రహించాం. యేసు తప్పుపట్టింది ఆతిథ్యాన్ని కాదు, పనుల్లో చెదిరిన మనసును.

మరుసటి వారం కూడికకు ముందే అన్నం వండి, కందిపప్పు, టమాటా, పచ్చిమిర్చి కుక్కర్లో ఉడికించి పెట్టాం. ప్రార్థన అయ్యాక పప్పుకు తాలింపు వేసి, కోడిగుడ్డు పొరటు చేసి, ఆవకాయ, పెరుగుతో వడ్డించాం. అందరూ తృప్తిగా భోంచేశారు. అమ్మ కూడా వాక్యం విన్నది. ప్రియులారా, మన విందులో ఒక కూర తగ్గినా ఫరవాలేదు. ప్రభువు పాదాల దగ్గర ఒకరు తగ్గకూడదు.