విద్యార్థులకు వ్యక్తిగత సమాచార పరిరక్షణ విద్య (హైదరాబాదు)

అంతర్జాలంలో తమ వివరాలు పరుల చేతిలో పడకుండా కాపాడుకొనే పద్ధతులను విద్యార్థులకు నేర్పడమే వ్యక్తిగత సమాచార పరిరక్షణ విద్య. పేరు, పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఆధార్ సంఖ్య, ఛాయాచిత్రాలు, సంకేతపదాలు మొదలైనవి వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి. హైదరాబాదులో ఈ బోధన ప్రభుత్వ సంస్థలు, పోలీసు శాఖ, పాఠశాలల ద్వారా సాగుతున్నది.

నేపథ్యం

హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలు సాఫ్ట్‌వేర్ సంస్థలకు నిలయమయ్యాయి. సైబరాబాదు పోలీసు కమిషనరేటు 2003లో ఏర్పడింది. పోలీసులు, సాఫ్ట్‌వేర్ సంస్థలు కలిసి 2006లో సైబరాబాదు భద్రతా మండలిని స్థాపించారు.

అంతర్జాలం మొదట కార్యాలయాలకు, ఇంటర్నెట్ కేంద్రాలకు పరిమితమై ఉండేది. 2020లో కరోనా కారణంగా పాఠాలు ఫోనులోకి మారడంతో చిన్న తరగతుల పిల్లలకూ అది అందింది. చాలా ఇళ్ళలో తల్లిదండ్రుల ఫోనే పిల్లల తరగతి గది అయింది. బ్యాంకు సందేశాలు వచ్చేదీ ఆ ఫోనుకే. అందువలన పిల్లవాడి పొరపాటు ఇంటిల్లిపాదికీ నష్టం కలిగించే స్థితి ఏర్పడింది.

బోధన కార్యక్రమాలు

సమాచార భద్రతపై అవగాహన కల్పించడానికి కేంద్ర ప్రభుత్వం 2005లో ఒక పథకం ప్రారంభించింది. అందులో అవగాహన కార్యక్రమాల బాధ్యతను సి-డాక్ హైదరాబాదు కేంద్రం నిర్వహిస్తున్నది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం, పాఠశాల విద్యాశాఖ కలిసి 2021-22లో సైబర్ కాంగ్రెస్ అనే కార్యక్రమం నిర్వహించాయి. ఇందులో 1,650 ప్రభుత్వ పాఠశాలల నుండి, పాఠశాలకు ఇద్దరు చొప్పున 3,300 మంది విద్యార్థులకు శిక్షణ ఇచ్చి సైబర్ రాయబారులుగా తీర్చిదిద్దారు. వీరు తోటి విద్యార్థులకు బోధిస్తారు. పెద్దలకు చెప్పడానికి జంకే విషయాన్ని పిల్లలు తోటివారితో చెప్పుకోగలగడం ఈ పద్ధతిలోని సౌలభ్యం.

బోధనాంశాలు

సంకేతపదాన్ని, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ చెప్పరాదన్నది తొలిపాఠం. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన పని లేదు. ఆ మాట తెలిసినవారు పిన్ అడిగినప్పుడే మోసాన్ని గుర్తిస్తారు. ఒక వివరం అడిగినప్పుడు అది ఎవరికి, ఎందుకు అవసరమో ప్రశ్నించుకోవడం ముఖ్యం.

విడివిడిగా హాని లేని వివరాలు ఒకచోట చేరితే ప్రమాదకరమవుతాయి. తెలుగునాట ఫలితాల కాలంలో విద్యార్థుల ఛాయాచిత్రాలు, హాల్‌టికెట్టు సంఖ్యలు, ర్యాంకులు ప్రకటనలలో కనిపిస్తాయి. వీటికి పుట్టినరోజు చిత్రాలు, పాఠశాల పేరు తోడైతే అపరిచితుడు సైతం పరిచయస్థుడివలె ఫోనులో మాట్లాడగలడు. కనుక పిల్లలకు నేర్పే జాగ్రత్తను విద్యాసంస్థలు, తల్లిదండ్రులు కూడా పాటించవలసి ఉంటుంది.

చట్టాలు

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను ఇతరుల సంకేతపదాన్ని మోసపూరితంగా వాడటాన్ని, 66ఇ సెక్షను అనుమతి లేకుండా శరీరపు రహస్య భాగాలను చిత్రించడాన్ని, ప్రచారం చేయడాన్ని నేరాలుగా పేర్కొంటాయి. ఇవి 2009 అక్టోబరు 27 నుండి అమలులో ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి వివరాలు వాడుకొనడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. 2025 నవంబరులో వెలువడిన నియమావళి ఈ నిబంధన అమలుకు 18 నెలల గడువు ఇచ్చింది.

ఫిర్యాదు

మోసపోయిన పిల్లలు తిట్లకు, పరువుకు భయపడి విషయం దాచిపెడతారు. బెదిరించేవారికి ఆ మౌనమే బలం. అందుచేత తప్పు మోసగించినవానిదే తప్ప మోసపోయినవారిది కాదని చెప్పడం ఈ విద్యలో ప్రధానాంశం. బెదిరింపు సందేశాలను చెరిపివేయక సాక్ష్యంగా భద్రపరచాలి. డబ్బు పోయినప్పుడు ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోను చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. ఇతర సైబర్ నేరాలపై 2019లో ప్రారంభమైన జాతీయ సైబర్ నేరాల వెబ్‌సైటులో గాని, పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు చేయవచ్చు.